మతిమరుపు జబ్బు - లెక్కకు రాని చాకిరీ

(మధిరలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ప్రాంతపు కోడలొకామె నాతో అన్న మాటలతో మొదలుపెడతాను. "మా అత్త తిన్న గంటకే తినలేదంటది. వాకిట్లో కూచుని దారినపోయే వాళ్ళందరికీ, కోడలు కూడు పెట్టట్లేదని చెప్పుద్ది. అది జబ్బని నాకు తెలుసు. ఊరికి తెలవదు గదా!" మిరపకోతల కాలంలో ఆమె పనికి పోలేక ఇంట్లోనే ఉండిపోయింది. కూలీ పోయింది, పేరూ పోయింది.

ఈ జబ్బు డిమెన్షియా. వయసుతో అందరికీ వచ్చే మరుపు కాదిది. మెదడు దెబ్బతిని జ్ఞాపకం, ఆలోచన, నడవడిక క్రమంగా చెడిపోతాయి. 2023లో వెలువడిన జాతీయ అంచనా ప్రకారం మన దేశంలో అరవై దాటిన వాళ్ళలో నూటికి 7.4 మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి ఇది ఉంది. మగవాళ్ళలో కన్నా ఆడవాళ్ళలో, పట్నాల్లో కన్నా పల్లెల్లో ఎక్కువ. ఈ రోగుల సంరక్షణకు పట్టే గంటల్లో 70 శాతం స్త్రీలవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే జబ్బు పడేదీ ఎక్కువగా స్త్రీలే, చాకిరీ చేసేదీ స్త్రీలే. కొడుకు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి ఫోనులో క్షేమం అడుగుతాడు. పక్కబట్టలు మార్చేది కోడలో, కూతురో.

ఇలాంటి వాళ్ళ కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 'ఐసపోర్ట్' అనే ఆన్‌లైన్ శిక్షణ తయారుచేసింది. అందులో 5 భాగాలు, 23 పాఠాలు ఉన్నాయి. జబ్బును అర్థం చేసుకోవడం దగ్గర్నుంచి, రోగి కోపాన్నీ అనుమానాన్నీ ఎదుర్కోవడం, తన ఆరోగ్యం తాను చూసుకోవడం దాకా నేర్పుతుంది. తినలేదని అత్త అంటే "ఇప్పుడే తిన్నావు గదా" అని వాదించకుండా, చేతిలో ఇంత ఏదో పెట్టి మాట మళ్ళించాలన్నది ఇలాంటి శిక్షణల సారం. చిన్న విషయమే. కానీ ఇల్లు నరకం కాకుండా ఆపేది అదే.

అయితే ఈ సాయం ఎవరికి అందుతోంది? బెంగళూరులోని నిమ్‌హాన్స్ పరిశోధకులు మన దేశంలో దీన్ని పరీక్షించి 2021లో ఫలితాలు ప్రకటించారు. 151 మంది చేరితే చివరిదాకా మిగిలింది 55 మందే. రోగిని మనిషిగా చూసే దృష్టి మెరుగుపడింది. భారం, దిగులు మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. నాకిందులో ఆశ్చర్యం కనిపించదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న మగవాళ్ళు నూటికి 57 మంది, ఆడవాళ్ళు 26 మంది. ఫోను భర్త జేబులో ఉంటుంది. ఒకవేళ చేతికొచ్చినా, రాత్రంతా అత్త వెనక తిరిగిన మనిషికి పాఠం చదివే ఓపిక ఎక్కడిది? పాఠం భారాన్ని మోసే పద్ధతి నేర్పుతుంది, పంచుకునే మనిషిని తెచ్చివ్వదు.

కనుక ఆన్‌లైన్ శిక్షణ వద్దని కాదు. దాన్ని చూపించి ప్రభుత్వం చేతులు దులుపుకోవడాన్ని ఒప్పుకోకూడదంటున్నాను. ఈ పాఠాలు తెలుగులో, వినే రూపంలో కావాలి. ఒంటరిగా ఫోనులో కాకుండా పొదుపు సంఘం సమావేశంలో పదిమంది కలిసి విని మాట్లాడుకునేలా ఉండాలి. ఆశా కార్యకర్తకు ఈ జబ్బు గుర్తులు తెలియాలి. థైరాయిడ్, బి12 లోపం, దిగులు వల్ల కూడా ఇలాంటి లక్షణాలు రావచ్చు కనుక ముందు డాక్టరుకు చూపించమని చెప్పాలి. వృద్ధుల సహాయానికి 14567, మానసిక సలహాకు టెలీమానస్ 14416 ఉచిత నంబర్లున్నాయని ప్రతి సంఘంలో చెప్పండి.

అంతకంటే ముఖ్యం, పగటిపూట రోగిని చూసుకునే కేంద్రాలు, సంరక్షకులకు భత్యం. ఎక్కువ ఆసరా అవసరమైన వికలాంగులకు సంరక్షకుల భత్యం గురించి 2016 చట్టంలోనే ఉంది. కేరళ 'ఆశ్వాసకిరణం' పేరుతో సంరక్షకులకు నెలవారీ సాయం పథకం పెట్టింది. ఇక్కడెందుకు అడగకూడదు?

ఒక్క హెచ్చరిక. రోగికీ హక్కులున్నాయి. కట్టేయడం, గదిలో పెట్టి తాళం వేయడం హింసే. కానీ ఏ తోడూ లేని స్త్రీని ఆ స్థితికి నెట్టిన వాళ్ళను వదిలేసి, ఆమెనొక్కతెనే దోషిగా నిలబెట్టకండి. రేపు మీ ఊళ్ళో ఏ ముసలమ్మైనా కోడలు కూడు పెట్టట్లేదంటే, తీర్పు చెప్పేముందు ఆ ఇంట్లోకి వెళ్ళి ఇద్దరితోనూ మాట్లాడండి. మన పని అక్కడ మొదలవుతుంది.