చెంబు మీద పేరు



ఈవేళ మిమ్మల్ని ఒక చిన్న ప్రశ్న అడిగి మొదలుపెడతాను. మీ తాతగారి పేరేమిటంటే టక్కున చెబుతారు. ఇంటి పన్ను రసీదు మీదో, పొలం కాగితాల మీదో, గోడకు వేలాడే ఫోటో కిందనో ఆ పేరు ఉండనే ఉంటుంది. మరి మీ నాయనమ్మగారి పేరు ఏ కాగితం మీద వుంది? ఆలోచించండి. నేనూ ఇలాగే ఆలోచించి, కాగితాలన్నీ తిరగేసి, ఎక్కడా కనిపించక, చివరికి అటకెక్కాను. అక్కడ వుంది. ఇత్తడి సామాను మీద!

మా నాయనమ్మది తెనాలి దగ్గర ఒక పల్లె. నిజామాబాదు జిల్లాలో నిజాంసాగర్ కాలువ కింద భూములు కొనుక్కుని కోస్తా నుంచి వెళ్ళిన మొదటి సంసారాల్లో మాదొకటి. మంజీర నది మీద ఆ ప్రాజెక్టు 1923లో మొదలై 1931 నాటికి పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ అనే ఇంజనీరుగారి ఆధ్వర్యంలో కట్టారు. 2,75,000 ఎకరాలకు నీళ్ళివ్వాలని ఏర్పాటు. నీళ్ళైతే వచ్చాయి గానీ, అక్కడి రైతులు తరతరాలుగా జొన్న, పెసర పండించినవాళ్ళు. అంత మాగాణి ఒక్కసారి చెయ్యాలంటే డబ్బూ కావాలి, మనుషులూ కావాలి. ఇటు చూస్తే కోస్తాలో ధాన్యం ధర పడిపోయి అప్పులు. అక్కడ ఎకరం అమ్మితే ఇక్కడ నాలుగైదు ఎకరాలొస్తాయని తెలిసి కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల వాళ్ళు బండ్లు కట్టారు. వాళ్ళు దిగిన ఊళ్ళకు ‘క్యాంపు’లనే పేరు స్థిరపడింది. బోధన్ నుంచి బాన్సువాడ వెళ్ళే దారిలో అలాంటి ఒక క్యాంపులో మా నాన్నగారు పుట్టారు.

మా ఇంట్లో ఈ కథ ఎప్పుడు చెప్పినా ఒకేలా చెప్పేవారు. తాతయ్య ధైర్యం చేశాడు, తాతయ్య భూమి కొన్నాడు, తాతయ్య పొదలు కొట్టించాడు. నాయనమ్మ ఏం చేసిందయ్యా అంటే, వెంట వచ్చింది! అంతే. 1991లో పొలం పంచుకున్నప్పుడు కూడా, మా నాన్న చెమటోడ్చి కొన్న భూమి కనుక మగపిల్లలకే అన్నారు పెదనాన్న, నాన్న. మా మేనత్తకు ఒక చీర, ఒక వెండి గ్లాసు పెట్టారు. నాయనమ్మ అప్పుడు వసారాలో కూర్చుని, “నాదీ కొంత వుందర్రా అందులో” అన్నది. నాకు పదకొండేళ్ళు. నేను విన్నాను. పెద్దవాళ్ళెవరూ విన్నట్టు లేదు. లేదా విననట్టు వున్నారు.

ఆమె 2004లో పోయింది. ఆ మాట మాత్రం నా చెవిలో వుండిపోయింది. పిల్లలు పెద్దవాళ్ళై ఎవరి దారిన వాళ్ళు కాలేజీలకు పోయాక, మధ్యాహ్నాలు ఖాళీ చిక్కింది. మూడేళ్ళ క్రితం ఆ పని పట్టుకున్నాను. నేను వకీలును కాను, చరిత్ర చదువుకున్నదాన్నీ కాను. నా చదువు పదో తరగతి. కానీ ఇల్లు సర్దడం వచ్చిన మనిషికి కాగితాలు సర్దడం పెద్ద కష్టమేమీ కాదు సుమండీ.

మొదట దొరికింది ఒక ఉర్దూ స్టాంపు కాగితం. భూమి కొన్న పత్రం. మా ఇంట్లో ఎవరికీ చదవరాదు. మా వీధిలో ఒక పెద్దాయన వున్నారు, వెనకటి రోజుల్లో పట్వారీగిరీ చేసిన కుటుంబం. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని చదివారు. ఖుర్దాద్ నెల, ఫసలీ 1344. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం అని ఎవరో చెప్పగా లెక్కవేస్తే 1934 వచ్చింది. నాయనమ్మేమో ఎప్పుడూ “యువ ఉగాది పచ్చడి తిని రైలెక్కాం” అనేది. యువ అంటే 1935. ఇదేమిటి, నాయనమ్మ తప్పు చెప్పిందా? నాకు రెండు రోజులు మనసు మనసులో లేదు. మళ్ళీ పెద్దాయన దగ్గరికే వెళ్ళాను. ఆయన నవ్వి, “నిజాం ఫసలీ ఆజూర్ నెలతో మొదలయితదమ్మా, అంటే అక్టోబరు. జనవరి దాటినంక 591 కలుపాలె” అన్నారు. ఖుర్దాద్ అంటే ఏప్రిల్. 1935 ఏప్రిల్! ఉగాది ఆ నెల మొదట్లోనే వచ్చింది. చూశారా, నాయనమ్మ పొల్లు మాట చెప్పలేదు. అప్పటి నుంచి ఆమె చెప్పినవన్నీ గుర్తు తెచ్చుకుని ఒక నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాను.

రైలు సంగతి ఒకటి. బెజవాడ నుంచి సికింద్రాబాదు దాకా ఒక రైలు, అక్కడ దిగి నిజామాబాదుకు చిన్న పట్టాల రైలు, అక్కణ్ణించి ఎడ్లబండి. నిజాం రాష్ట్రంలోకి రాగానే కరోడ్‌గిరీ వాళ్ళు, అంటే సుంకం వసూలు చేసేవాళ్ళు, సామాను విప్పించారట. డబ్బు కూడా వేరే. మన రూపాయిని కల్దారు అనేవారు, అక్కడిది హాలీ సిక్కా. నూరు కల్దార్ రూపాయలు ఇస్తే నూటపదహారు హాలీ రూపాయలూ, పైన కొన్ని అణాలూ వచ్చేవి. “కొత్త కోడలికి నిజాం నవాబు నూటపదహార్లు చదివించాడే” అని నాయనమ్మ పకపకా నవ్వేది.

సరే, పత్రంలో కొన్నవాడిగా తాతయ్య పేరే వుంది. ఆ డబ్బు ఎక్కణ్ణించి వచ్చింది? తాతయ్య నలుగురన్నదమ్ముల్లో ఆఖరివాడు, అప్పటికి ఉమ్మడి కుటుంబం, ఆయన చేతిలో పైసా ఆడదు. ఇది మా బంధువులందరూ ఎరిగినదే. కానీ ఎవరూ ఈ ప్రశ్న వేసుకోలేదు. కోస్తాలో రిజిస్ట్రారు ఆఫీసుకు మా వేలువిడిచిన బాబాయిని తోడు తీసుకుని వెళ్ళాను. కంప్యూటరులో 1983 నుంచి మాత్రమే వుంటాయి, అంతకు ముందువి పాత పుస్తకాల్లో వెతికించాలి. పేరూ, ఊరూ, సంవత్సరమూ తెలిస్తే ఫీజు కట్టి వెతికించి నకలు తీసుకోవచ్చు. నేను తాతయ్య పేరు ఇచ్చాను. లేదన్నారు. తిరిగొచ్చేద్దామనుకుని, మెట్ల మీద ఆగి, ఎందుకో నాయనమ్మ పేరు మీద ఇంకో అర్జీ పెట్టాను.

పది రోజులకు నకలు వచ్చింది. 1935 మార్చిలో, పసుపు కుంకుమ కింద పుట్టింటివారు తనకిచ్చిన ఎకరంన్నర మాగాణిని మా నాయనమ్మ అమ్మింది. నల నామ సంవత్సరంలో పుట్టినది, అప్పుడప్పుడే పద్దెనిమిది నిండాయి. నిజాం రాష్ట్రంలో భూమి కొనే నిమిత్తం అమ్ముతున్నట్టు అందులోనే రాసి వుంది. కింద ఆమె చేవ్రాలు చేసినట్టు కూడా వుంది. ఆ ఎకరంన్నరే ఖుర్దాద్ నెలలో ఏడెకరాలైంది, తాతయ్య పేరు మీద!

నాకు కోపం రాలేదంటే అబద్ధం. అలా అని తాతయ్యను తప్పు పట్టి ఏం లాభం? ఆ రోజుల్లో అదే పద్ధతి. ఆయనా ఎన్నాళ్ళో అనుభవించలేదు, 1951లో పోయాడు. నాన్నకు అప్పుడు అయిదేళ్ళు. ఆ తరువాత ముప్ఫై ఏళ్ళు వ్యవసాయం చేసింది నాయనమ్మ. 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలు కూడా తీయించాను. పెద్దాయన చదివి ఆగారు. అక్కడ ఆమె పేరు లేదు. ‘జౌజె’ అని రాసి తాతయ్య పేరు. అంటే ఫలానా వారి భార్య. నాగలి పట్టించింది ఆమె, శిస్తు కట్టింది ఆమె, కాగితానికి మాత్రం ఆమె ఫలానా వారి భార్య.

ఇక ఇత్తడి సామాను. మీ ఇళ్ళలోనూ వుంటుంది, సారెలో వచ్చినవి, బారసాలకు పెట్టినవి. వాటి మీద చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టిస్తారు. అరిగిపోయి చదవడానికి రాకపోతే, చింతపండుతో తోమి, తడి ఆరాక కాస్త బియ్యప్పిండి రుద్ది తుడవండి. చుక్కల్లో పిండి నిలిచి అక్షరాలు తెల్లగా పైకి వస్తాయి. ఇది నేను కనిపెట్టిన చిట్కా. అలా మా బిందెలూ, గుండిగలూ అన్నీ చదివాను. నాయనమ్మ పేరు నాలుగింటి మీద వుంది. అన్నింటికంటే అడుగున, పాత చీరలో చుట్టి, ఒక చిన్న చెంబు. దాని మీద ఒక ఆడపిల్ల పేరు, ధాత అనే సంవత్సరం పేరు. ధాత అంటే 1936. మా ఇంట్లో ఆ పేరు గలవాళ్ళు ఎవరూ లేరు. నాన్ననడిగాను, తెలియదన్నారు. అత్తయ్యనడిగాను, ఆమె 1940లో పుట్టింది, ఇంటికి పెద్దది తానే అనుకుంటున్నది. తెలియదన్నది. అయితే చెంబుకు పక్కనున్న సొట్ట సంగతి మాత్రం చెప్పింది. 1948లో గొడవల రోజుల్లో క్యాంపు వాళ్ళంతా కోస్తాకు వెళ్ళిపోయారు. పోతూ నాయనమ్మ సామానంతా పెంటకుప్పలో పూడ్చింది. సెప్టెంబరులో పోలీసు చర్య ముగిశాక తిరిగొచ్చి తవ్వుతుంటే గునపం తగిలింది.

మొన్న సంక్రాంతికి క్యాంపుకు వెళ్ళాను. పక్కన పాత ఊళ్ళో ఒక అవ్వ వున్నది, తొంభైకి దగ్గర. వాళ్ళమ్మ మా నాయనమ్మకు మొదటి స్నేహితురాలు. నేను గొప్పగా, “మావాళ్ళు వచ్చేసరికి ఇదంతా అడివే కదవ్వా” అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, “అడివేంది బిడ్డా, మా జొన్న చేన్లు ఉండె గదా” అన్నది. నా మొహం చిన్నబోయింది. మొదట వచ్చినవాళ్ళం మేమే అని ఎన్నాళ్ళు చెప్పుకున్నామో! ఆ తరువాత ఆమే చెప్పింది. “మీ నాయినమ్మకు రొట్టె చేసుడు మా అవ్వనే నేర్పింది. వంకర్లు టింకర్లు వొస్తుండెనట. ఆ బిడ్డ పోయినప్పుడు గూడ మా అవ్వనే కూసున్నది కాడ.”

ఏ బిడ్డ అన్నాను.

కొత్తగా కాలువలు పారిన చోట దోమలు. చలిజ్వరం ఇల్లిల్లూ తిరిగేది. తొలికాన్పుకు పుట్టింటికి వెళ్ళి, పాపను ఎత్తుకుని వచ్చిన మరుసటి వానాకాలం. ఏడాది దాటిన పిల్ల. కాలువ గట్టున చింతచెట్టు కింద పెట్టారట. చెట్టు ఇప్పుడు లేదు.

ఇంటికొచ్చి నాయనమ్మ జమాఖర్చుల పుస్తకం మళ్ళీ తీశాను. తాతయ్య పోయాక రాయడం మొదలుపెట్టిన పుస్తకం. అందులో కష్టం సుఖం ఒక్క మాట వుండదు. కూలీలకు కొలిచిన ధాన్యం, ఎరువు బండ్లు, ఎద్దుకు నాడాలు. కాఫీపొడి కూడా కొననంత ఇబ్బందిగా నడిచిన 1952లో ఒక పద్దు వుంది. ఇదివరకు ఎన్నిసార్లు చూసి వదిలేశానో. ‘చెంబుకు మాటు, 6 అణాలు.’

ఆ పాప పేరు మీకు చెప్పడం లేదు. నాయనమ్మ బతికినన్నాళ్ళు ఎవరి దగ్గరా ఎత్తని పేరు, మైకు ముందు చదవడానికి నాకు మనసొప్పలేదు. ఏమీ అనుకోకండి.

అమ్మకం పత్రం నకలు నాన్న ముందు పెట్టాను. రెండుసార్లు చదివారు. చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుని, “అక్కకు ఫోను కలుపు” అన్నారు. అవతల అత్తయ్య అంతా విని, “అమ్మ ఆనాడే అన్నదిరా, మీరే వినలా” అన్నది. నిష్ఠూరంగా కూడా అనలేదు. నాన్న చేతిలో మిగిలింది రెండెకరాలు. అందులో ఒకటి అక్కకు రాసిస్తానంటున్నారు. పెదనాన్న కొడుకులకు ఇది కిట్టడం లేదు, ఆ సంగతి ఇంట్లో ఇంకా నలుగుతూనే వుంది. అత్తయ్య మాత్రం పొలం సంగతి ఎత్తలేదు. చెంబు తనకివ్వమన్నది. “ఎనభై అయిదేళ్ళు వచ్చాక నాకొక అక్క పుట్టిందే” అన్నది ఫోనులో.

ఇప్పుడది ఆమె దగ్గరే వుంది. శుక్రవారం శుక్రవారం తనే చింతపండుతో తోముకుంటుందట, పనిమనిషికి ఇవ్వదట. పేరు దగ్గర మాత్రం వేలితో ఊరికే రాసి వదిలేస్తుందట, అక్షరాలు అరిగిపోతాయని.