కార్బన్ కాగితం నేర్పిన పాఠం
(కంకిపాడులో జరిగిన కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాత ఆఫీసు మిషన్ల గురించి చెప్పమన్నారు. వాటిని చూడని పిల్లలు కూడా ఇక్కడున్నారు. కానీ ఆ మిషన్లు నేర్పిన ఒక సంగతి మనకు ఈనాటికీ పనికొస్తుంది.

పదో తరగతి పాసయ్యాక నేను ఈ కంకిపాడులోనే టైపు నేర్చుకున్నాను. ఆడపిల్లకు కాలేజీ ఎందుకు, టైపు చాలన్నారు ఇంట్లో. ఉదయం ఆరింటికి క్లాసు. గోద్రెజ్ మిషన్. నిమిషానికి 30 మాటలు కొడితే లోయర్, 45 కొడితే హయ్యర్. రెండూ పాసై ఒక ఆఫీసులో చేరాను.

స్టెన్సిల్ కొట్టాలంటే రిబ్బన్ తప్పించాలి. వేలు గట్టిగా పడితే 'ఓ' అక్షరం మధ్య ముక్క ఊడి చిల్లు పడేది. దాన్ని సైక్లోస్టైల్ మిషన్‌కు తగిలించి చక్రం తిప్పితే వందల కాపీలు వచ్చేవి. బళ్ళలో పరీక్ష పేపర్లూ అలాగే తీసేవారు. ఆ సిరా కొంగుకు అంటితే వదిలేది కాదు. రోజంతా కొట్టేది మేము, సంతకం పెట్టేది అయ్యగార్లు. వాటిలో ఒక్క కాగితమూ మా గురించి కాదు.

1980ల చివర్లో మా వీధి ఆడపడుచు ఒకామె అత్తగారింటి నుంచి దెబ్బలతో వచ్చింది. కట్నం వేధింపులపై 498-ఎ సెక్షన్ 1983లోనే వచ్చింది గదా అని, ఆఫీసయ్యాక కూర్చుని ఆమె చెబుతుంటే ఫిర్యాదు టైపు చేశాను. తొందరలో కార్బన్ పెట్టలేదు. వాళ్ళ అత్తవారి ఊరి ఠాణాలో ఇచ్చి వచ్చింది. నెల తరువాత వెళ్తే, "నువ్వసలు కాగితమే ఇవ్వలేదు" అన్నారు. ఆ మాట విని ఆమె ఏడవలేదు. నేనే ఏడ్చాను.

రెండోసారి రెండు కార్బన్లు పెట్టి మూడు ప్రతులు తీశాను. నలుగురం కలిసి వెళ్ళి ఒక ప్రతి ఇచ్చి, రెండో దానిమీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకునేదాకా కదల్లేదు. ఇక "ఇవ్వలేదు" అనడానికి వీల్లేకపోయింది. కేసు కట్టారు.

ఇప్పుడు టైపు మిషన్ల తయారీ ఆగిపోయింది. ఫిర్యాదు మాయమయ్యే జబ్బు మాత్రం పోలేదు. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 154వ సెక్షన్ చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షనూ అదే చెబుతోంది. ఠాణాలో తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపవచ్చు. ఆ రశీదు దాచుకోండి. ఇచ్చే ప్రతి కాగితాన్నీ ముందే ఫోనులో ఫొటో తీసుకోండి. ముద్ర పడిన ప్రతి చేతికొచ్చాకే గడప దాటండి.

ఆనాడు ఇతరుల ఉత్తర్వులకు వేల నకళ్ళు తీశాం. మన మాటకు ఒక్క నకలైనా మన దగ్గర ఉండాలి గదా!