ఇనుము చోట ప్లాస్టిక్కు

(షోలాపురము తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగపూట పద్యము వినవలసిన చెవులకు పళ్ళచక్రాల సంగతి వినిపించడము న్యాయమా అని కొందరు అడుగవచ్చును. కాని తెలంగాణమునుండి నేతపని నమ్ముకొని ఈ ఊరు చేరిన కుటుంబాలు మనవి. సాంచాలో ఏ ముక్క ఎన్నాళ్ళు మన్నుతుందన్నది మన ఇంట పొయ్యి వెలుగుటకు సంబంధించిన మాటే.

ప్లాస్టిక్కు అనగానే మనము విరిగిన దువ్వెనను తలచుకొని పెదవి విరుస్తాము. తుపాకిలో పెట్టినారంటే నమ్మము. 1959లో అమెరికాలో రెమింగ్టన్ వారు 'నైలాన్ 66' అనే చిన్న రైఫిలును తెచ్చినారు. కట్టె భాగమే కాదు, బోల్టు ఆడే నడిమి పెట్టె కూడ నైలానుదే. ఆ సంవత్సరమే ఆ కంపెనీకి చెందిన టామ్ ఫ్రై, గాలిలోకి విసరిన 1,00,010 చెక్కముక్కలను ఆ రైఫిళ్ళతో కాల్చి ఆరింటిని మాత్రమే తప్పినాడు. అయితే గమనించండి: గొట్టమూ బోల్టూ ఉక్కువే. వేడినీ పేలుడు ఒత్తిడినీ ఉక్కు భరించినది. బోల్టు జారే దారిగా నైలాను నిలిచినది, చమురు పెద్దగా కోరకుండ. 1982లో ఆస్ట్రియా సైన్యము తీసుకొన్న గ్లాక్ పిస్తోలులోను పని పంపకము ఇదే.

పంపకము ఒకటే చాలదు. 1999 కార్గిల్ యుద్ధములో మన ఇన్సాస్ రైఫిళ్ళ ప్లాస్టిక్కు మాగజైనులు కొండచలికి పగిలినవని ఫిర్యాదులు వచ్చినవి. చలికి ప్లాస్టిక్కు బిర్రబిగుసుకొని దెబ్బను మింగలేదు.

ఇక మన సాంచాకు వత్తాము. నాడెను కొట్టే పికరును పూర్వము ఎనుబోతు తోలుతో చేసి, నెలల తరబడి నూనెలో నానబెట్టేవారు. ఇప్పుడు చాలచోట్ల ప్లాస్టిక్కుదే. నిమిషానికి నూరు పైచిలుకుసార్లు నాడె అటూ ఇటూ పోతుంది. ఆ దెబ్బలన్నీ పికర్లవే. తుక్కును మళ్ళీ మళ్ళీ కరగించి పోసిన పికరు చవకే. కాని కరగిన ప్రతిసారి దానిలోని పొడవాటి అణుగొలుసులు తెగి పొట్టివౌతవి. పైకి నునుపుగానే వుండి ఒకనాడు ఫెళ్ళున విరుగుతుంది. అప్పుడు చెడేది గుడ్డ మాత్రమే కాదు. దారితప్పిన నాడె పక్కన నిలుచున్నవారి కంటికి తగులవచ్చును. నాలుగు రూపాయల ఆదాకు కన్ను పణముగా పెట్టడము ఏమి బేరము!

నైలాను బుష్షుల సంగతి వేరు. నైలాను గాలిలోని తేమను పీలుస్తుంది. బొత్తిగా ఆరినది పెళుసు. తేమ పట్టినది దెబ్బకు ఓర్చుకొంటుంది, కాని కొంచెము ఉబ్బుతుంది. మన ఎండకాలములో బిగుతుగా కూర్చిన బుష్షు వానలు పడగానే ఇరుసును పట్టుకొనవచ్చును. కనుక కాస్త సందు విడువవలెను. నైలాన్ 66 కరగడానికి సుమారు 260 డిగ్రీలు కావలెను గాని, అంతకు చాల ముందే మెత్తబడుతుంది. పైగా ఇనుమువలె వేడిని త్వరగా వదలదు. తాళముచెక్కకు తీసే గాడి మూలలు కత్తివలె కోయించక గుండ్రముగా తీయించండి. పగులు సాధారణముగా అక్కడే పుడుతుంది. ఎండలో వుండే భాగమైతే మసి కలిపిన నల్లది మేలు.

కొన్ని యంత్రాలలో నైలాను చక్రాన్ని కావాలనే పెడతారు. ఏదైనా చిక్కుకొన్నప్పుడు దాని పళ్ళు ఊడి, ఖరీదైన ఇనుప చక్రాలు దక్కుతవి. దానిని నాసిరకమని తిట్టి ఇనుపది వేయిస్తే, మరునాడు విరిగేది ఇరుసు కావచ్చును.

ఇకమీద విరిగిన పికర్లను తుక్కులో వేయకండి. కొన్న తేదీ చీటీ కట్టి మాకు తెచ్చి చూపండి. పగులు ఎక్కడ మొదలైనదో కలిసి చూతాము.