కంప్యూటరులోని కూడలి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున, కంప్యూటరు లోపలి నిర్మాణమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని నిర్వాహకులు కోరిరి. మనము చూచునది తెర, తాకునది కీబోర్డు. వీనిని, తక్కిన భాగములను కలిపి ఒక్క యంత్రముగా చేయునది పెట్టెలోపల మరుగుననుండు పలక. దానిని మదర్‌బోర్డు అందురు. చిన్నపలకలు వచ్చి దానిలో గ్రుచ్చుకొని పనిచేయును గనుక దానికి తల్లి యను పేరు తగియున్నది.

మన ప్రాంతమువారికి దీనిని తెలియజెప్పుట కష్టము కాదు. విజయనగరము జంక్షను మనకు పరిచితమే. హౌరానుండి పలాస, శ్రీకాకుళము రోడ్డు మీదుగా వచ్చు మార్గమును, బొబ్బిలి, పార్వతీపురముల మీదుగా రాయపూరునకు పోవు మార్గమును అచట కలియును. జంక్షను తానుగా ఏ సరకును పండింపదు. అయినను అది లేనియెడల ఆ రెండు మార్గములకు పొత్తు లేదు. మదర్‌బోర్డు పనియు నట్టిదే. లెక్క చేయునది ప్రాసెసరు. చేయుచున్న పనిని అప్పటికి గుర్తుంచుకొనునది ర్యామ్. శాశ్వతముగా దాచునది హార్డ్ డిస్కు. బోర్డు వీని నడుమ దారి వేయును.

ఆ దారు లెట్టివి? గాజునారతో చేసిన పలకలో నాలుగో, అంతకెక్కువో రాగిపొరలుండును. ఆ రాగిలో ఏర్పరచిన సన్నని గీతలే దారులు. ప్రాసెసరు సాకెట్టులో కూర్చుండును. దానికి మిక్కిలి చేరువనే ర్యామ్ స్లాట్లుండును. ఏలననగా వాని నడుమ సెకనుకు కోట్లకొలది మారులు సంకేతములు నడచును. దారి పొడవైనకొలది అవి ఆలస్యమగును, చెదరును. హార్డ్ డిస్కునకు అంత తొందర లేదు. అది ఏడు పిన్నుల సాటా కేబులుతో కొంత దూరమునుండియే కలియును. కీబోర్డు, మౌస్ మున్నగునవి 1996లో వెలువడిన యు.ఎస్.బి. పద్ధతిలో వచ్చును. ఈ నెమ్మది పరికరముల రాకపోకలను చిప్‌సెట్ ఒకచోట చేర్చి ప్రాసెసరునకు పంపును. గోడలోని 230 వోల్టుల కరెంటును పవర్ సప్లై 12, 5, 3.3 వోల్టులుగా మార్చి, 24 పిన్నుల కనెక్టరు ద్వారా బోర్డున కందించును.

దారి యున్నంతమాత్రమున చాలదు, కొలత కుదురవలెను. నౌపడానుండి పర్లాకిమిడికి 1900లో నడచిన రైలుదారి రెండున్నర అడుగుల వెడల్పుగలది. మద్రాసు, కలకత్తాల ప్రధానమార్గము ఐదున్నర అడుగులది. అందుచేత ప్రయాణికులకు నౌపడాలో బండి మారక తప్పకుండెను. 2011 నాటికి గుణుపురమువరకు బ్రాడ్‌గేజి వచ్చినది. ర్యామ్ విషయమునను ఇదే న్యాయము. డి.డి.ఆర్. 3 పలకకు 240 పిన్నులు, డి.డి.ఆర్. 4 పలకకు 288 పిన్నులు. గాడి యుండు చోటు కూడ వేరు. తగని పలకను ఆపుటకే ఆ గాడిని పెట్టిరి. దిగనిదానిని బలవంతముగా నొక్కరాదు.

కొలతలు నలుగురికి తెలియుటవలన కలుగు మేలును చూడుడు. 1981లో ఐ.బి.ఎం. సంస్థ తన పర్సనల్ కంప్యూటరు బోర్డుపై ఐదు స్లాట్లు ఉంచి, వాని వివరములను గ్రంథరూపమున ప్రకటించెను. దానిని చదివి ఇతర సంస్థలవారును తగిన కార్డులను తయారుచేయగలిగిరి. నేడు వేర్వేరు దేశములలో తయారైన భాగములు ఒకే పెట్టెలో ఇముడుచున్న వనిన, అందరెరిగిన కొలతలే కారణము.

ఇక ముఖ్యమైన మాట. పల్లెలలో కంప్యూటరు ఆగినచో, చెడిపోయినదని గుడ్డ కప్పి మూలకు నెట్టుదురు. పెక్కుమారులు చెడినది అతుకు మాత్రమే. ధూళి, ఉప్పుగాలి, చెమ్మ చేరి ర్యామ్ పిన్నులపై పొర కట్టును, కేబులు వదులగును. తేదీ మాటిమాటికి వెనుకకు పోవుచున్నచో, బోర్డుపైనుండు 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ అయిపోయి యుండవచ్చును. స్విచ్చి కట్టి, ప్లగ్గు ఊడదీసి, పెట్టె లోహమును ఒకసారి తాకి, ర్యామ్ తీసి, పిన్నులను మెత్తని పొడిగుడ్డతో తుడిచి మరల గట్టిగా పెట్టినచో అనేక యంత్రములు లేచును. పవర్ సప్లై పెట్టెను మాత్రము ఎన్నడును విప్పరాదు. ప్లగ్గు తీసిన పిమ్మటను దానిలో ప్రమాదకరమైన వోల్టేజి నిలిచియుండును. 2018 అక్టోబరు 11న మన తీరమును దాటిన తిత్లీవంటి తుపానులు వచ్చునప్పుడు, ముందుగానే ప్లగ్గు తీసి, పెట్టెను నేలపైనుండి ఎత్తుగా ఉంచుట మేలు.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. తాళమువేసిన బీరువాలలోని పుస్తకమును ఊరివారి చేతికి తెచ్చుట గ్రంథాలయోద్యమ ఫలము. కంప్యూటరు పెట్టెకును ఆ భాగ్యము కలుగవలెను. కార్యవర్గమువారికి నా విన్నపమొకటి: వాడుకలో లేని పాత కంప్యూటరు నొకదానిని బల్లపై నుంచి, తెలిసినవారి యెదుట పిల్లలచేత విప్పించి, మరల కూర్పించుడు. ఏ భాగము ఎచట కలియునో తెలుగులో వ్రాసి ప్రక్కన అంటింపుడు. వారిలో ఒక్కరు పొరుగూరి పాఠశాలలో మూలబడిన యంత్రము నొకదానిని నడిపించినను, ఈ రజతోత్సవము సార్థకమగును.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును కూడ చూచుగాక యని కోరుచు, సెలవు తీసికొనుచున్నాను.