సయాం రైలుబాట: జాబితాకెక్కని మనవారు



పండుగపూట ఈ మాట ఎత్తవచ్చునా అని కొంత తటపటాయించాము. కాని మనవాళ్లంతా కలిసేది ఇక్కడే కదా!

1942లో మలయాను ఆక్రమించిన జపాను సైన్యం, ఓడదారి ప్రమాదమని, సయాంలోని బాన్‌పాంగ్ నుంచి బర్మాలోని తన్‌బ్యూజయాత్ వరకు 415 కిలోమీటర్ల రైలుమార్గం వేయించింది. 1943 అక్టోబరులో రెండు కొసలూ కలిశాయి. ఆ పనిలో మిత్రరాజ్యాల యుద్ధఖైదీలు 12,000 మందికి పైగా మరణించారు. ఆసియా కూలీలు ఎందరు పోయారు? 90,000 అని తరచు ఉటంకిస్తారు. తక్కువ చెప్పేవారూ ఉన్నారు, ఎక్కువ చెప్పేవారూ ఉన్నారు.

ఒకే బాట మీద రెండు తీరుల లెక్క ఎందుకు వచ్చింది? ఖైదీలకు తమ అధికారులు, వైద్యులు ఉన్నారు. ప్రాణాలకు తెగించి చావుల జాబితాలు రహస్యంగా రాసి దాచారు. యుద్ధం ముగిశాక ఆ కాగితాల ఆధారంతోనే సమాధులు వెతికారు. నేడు కాంచనబురి శ్మశానవాటికలో వరుసలు వరుసలుగా పేర్లు చెక్కిన ఫలకాలున్నాయి. మన రబ్బరు తోటలనుంచి కొందరిని మంచి కూలి ఆశపెట్టి, కొందరిని బలవంతాన తీసుకుపోయారు. వారి తరఫున రాసేవాడు లేడు. 1943 వానల్లో కలరా వచ్చినప్పుడు గుంపులుగా పూడ్చారు, కాల్చారు. అడవిబట్టి పారిపోయినవాడెవడో, చచ్చినవాడెవడో విడదీసి చెప్పే పట్టీలు సరిగా లేవు.

చరిత్రకారుడు కాగితం వెంట నడుస్తాడు. అందుకని ఖైదీ అతని పుస్తకంలో మనిషిగా కనిపిస్తాడు, కూలీ అంచనాగా మిగులుతాడు. 1957లో వచ్చిన 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' చిత్రం కూడా ఖైదీల కథే (తీసింది సింహళంలో లెండి!). తరువాత కొందరు పరిశోధకులు బతికివచ్చిన కూలీల నోటిమాటలు సేకరించారు. నోటిమాటలో సంవత్సరాలు తారుమారవుతాయి, నిజమే. కాని తోటపేరు, అన్నపేరు అంత తేలికగా తారుమారు కావు. మన తోటలనుంచి వెళ్లిన కూలీలలో తమిళ సోదరులే అధికం. వారి పక్కన మన తెలుగువారూ, మలయాళీలూ, మలాయి, జావా, బర్మా వారూ పడ్డారు.

ఇంట్లో పెద్దవారుంటే ఈ వారమే అడగండి. పోయినవారి పేరు, తోట, వెంట వెళ్లినవారు, తిరిగివచ్చినవాడు చెప్పిన మాట రాయండి. తెలుగు రాయడం రాని పిల్లలు మలాయిలో రాసినా సరే. తెలియనిచోట ఊహించి నింపకండి, ఖాళీ వదలండి. ద్వారం దగ్గర బల్లమీద నోటుపుస్తకం పెట్టించాము.