ఉక్కులోని అల్పలోహములు - వాని పరీక్ష



నాగలి కర్రు, కొడవలి, గొడ్డలి లేనిదే వ్యవసాయము సాగదు. ఒకే కమ్మరి ఒకే కొలిమిలో చేసిన రెండు కొడవళ్ళలో ఒకటి పదును నిలుపును. మరియొకటి త్వరలోనే మొద్దుపోవును. చేతిపనిలో లోపము లేనప్పుడు కారణమును లోహములోనే వెదకవలెను. ఉక్కనగా ఇనుము, బొగ్గుపదార్థమగు కర్బనము మాత్రమే కాదు. మాంగనీసు, రాగి, క్రోమియము, వనేడియము వంటి లోహములు అందు స్వల్పముగా కలిసి యుండవచ్చును. వానిని కన్ను పట్టజాలదు. రసాయన పరీక్షయే పట్టవలెను.

ఆ పరీక్షకు మాంగనీసు మంచి ఉదాహరణము. ఉక్కు రజనును తూచి నత్రికామ్లములో కరగింతురు. ఇనుము వలన కలుగు పసుపు రంగు అడ్డురాకుండ భాస్వరికామ్లమును చేర్తురు. పిదప పొటాసియము పెరయొడేటు వేసి మరిగించినచో మాంగనీసు పర్మాంగనేటుగా మారి ద్రవమునకు ఊదా వన్నె తెచ్చును. కలరా దినములలో నూతులలో వేసిన మందు వన్నెయే యిది. మాంగనీసు పాలు ముందే తెలిసిన ద్రవముతో ఈ వన్నెను పోల్చి లెక్క కట్టుదురు. ఉక్కు వేయకయే తక్కిన మందులన్నిటితో మరియొక పరీక్ష జరిపి, ఆ మందులలోనే యున్న మాలిన్యమును మినహాయింతురు. లేనిచో సీసాలోని దోషము ఉక్కుకు అంటగట్టబడును.

ఇంత జాగ్రత్త ఎందుకని యెవరైన అడుగవచ్చును. దీనికి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమే సమాధానము చెప్పును. అచ్చటి కమ్మరులు మట్టిమూసలలో కరగించిన ఉక్కు కొరకు పారశీక వర్తకులు వచ్చెడివారు. దక్షిణ భారతపు ఇట్టి ఉక్కుతోనే నీటి అలల వంటి చారలుగల దమస్కు ఖడ్గములు తయారయ్యెనని విజ్ఞులు తలతురు. కమ్మరి కుమారుడైన మైకేల్ ఫారడే 1819లో భారతీయ ఉక్కును పరీక్షించి, దాని గొప్పతనమునకు అల్యూమినియము, సిలికా కారణములని భావించెను. తరువాతి పరిశోధనలలో ఆ మాట నిలువలేదు. 1998లో అమెరికా లోహశాస్త్రజ్ఞుడు వెర్హోవెన్, కత్తుల కమ్మరి పెండ్రే, వారి సహచరుడు పాత కత్తుల ముక్కలను పరీక్షించి, ఆ చారలకు వనేడియము వంటి లోహములే మూలమని తెలిపిరి. పదివేల పాళ్ళలో ఒక పాలుకంటె తక్కువ వనేడియమున్నను చాలునట! అనగా టన్ను ఉక్కులో నూరు గ్రాములకు లోపు.

అట్టి ఖనిజము దొరకకపోవుటచే ఆ విద్య అంతరించి యుండునని వారి ఊహ. అదే నిజమైనచో, చేయి అదే, కొలిమి అదే అయినను చారలు రాకపోగా, ఆ పనివారు తమ నేర్పునే అనుమానించి యుందురు.

1955లో ఆస్ట్రేలియాలో అలన్ వాల్ష్ ప్రకటించిన అణుశోషణ పద్ధతి వంటివి వచ్చిన పిమ్మట ఇట్టి సూక్ష్మ పరిమాణములను కొలుచుట సులభమైనది. కాని కోనసముద్రపు పనితీరును యంత్రము చెప్పలేదు. వాయిసీ యను ఆంగ్లేయుడు స్వయముగా చూచి వ్రాయగా, 1832లో అచ్చయిన వ్యాసము వలననే అది నేటికి దక్కినది. ఈ గ్రామపు చేతివృత్తుల మెలకువలను కూడ పెద్దలు చెప్పగా చదువుకొన్న పిల్లలు వ్రాసియుంచినచో, ఆ వ్రాతలకు ఈ గ్రంథాలయపు బీరువాలో చోటు తప్పక యుండును.