ప్రయోగశాలలో నిప్పు



తెలుగు పండితునకు ప్రయోగశాలతో పనియేమని మీరడుగవచ్చును. ముప్పది యేండ్లకు పైగా నేను చెప్పినవి విభక్తులు, సమాసములు, ఛందస్సు. అయినను మా విజయనగరము, శ్రీకాకుళము జిల్లాల బడులలో సైన్సు మాస్టరు సెలవు పెట్టిననాడు ఖాళీగా నున్నవాడెవడో ఆ తరగతికి పోవలసినదే. అట్లు పోయిన దినమొకటి నేనింతవఱకు మఱువలేదు. ఈ ప్రసంగమునకు ఒప్పుకొన్నది అందుచేతనే.

అదియొక పల్లె బడి, పేరు చెప్పను. పదవ తరగతి పిల్లలు ఆకులో పిండిపదార్థ మున్నదని చూపు ప్రయోగము చేయుచుండిరి. ఆకును స్పిరిటులో మరిగించి, పత్రహరితమును తీసివేసి, అయొడిను చుక్కలు వేయవలెను. స్పిరిటు బీకరును నీళ్లగిన్నెలో నిలిపి వేడిచేయవలెనని పుస్తకములో నున్నది. ఆ వాక్యమును నేను బిగ్గరగా చదివించితిని. దాని ప్రయోజనము మాత్రము నాకు తలకెక్కలేదు. ఆలస్యమగుచున్నదని ఒక బాలుడు బీకరును తిన్నగా మంటపై పెట్టెను. నేను చూచియు వారింపలేదు. లిప్తకాలములో ఆవిరి యంటుకొని బీకరు మూతిపై నీలిమంట లేచినది. ఏమాయెనని వంగిన నా యుత్తరీయపు చెఱగు అంటుకొన్నది. నాకు కాలుచేయి ఆడలేదు. వెనుక బల్లనుండి యొక బాలిక తొట్టెలో ముంచిన గోనెసంచిని తెచ్చి నాపై కప్పి, మఱియొక దానితో బీకరును మూసెను. జనుము, గోగు పండు సీమ మాది; బడిలో గోనెసంచులకు కొదువలేకపోవుట నా యదృష్టము.

ఆ బడిలోనిది స్పిరిటు దీపము. దీపమునుండి దీపము వెలిగించుట కార్తికమున పుణ్యము గాని, స్పిరిటు దీపమును మఱియొక దానిపై వంచి వెలిగించుట ప్రమాదము. వెలుగుచుండగా స్పిరిటు పోయరాదు. నోటితో ఊదక మూతపెట్టి ఆర్పవలెను.

పెద్ద బడులలోను, కళాశాలలలోను గ్యాసుతో మండు బున్సెన్ దీపముండును. జర్మనీలోని హైడెల్బర్గు విశ్వవిద్యాలయమున రసాయనాచార్యుడైన రాబర్టు బున్సెన్, 1855 ప్రాంతమున పీటర్ డెసాగా అను పరికరముల నిపుణునిచే దీనిని చేయించెను. అంతకు చాల ముందే విస్ఫోటనములో ఒక కంటిచూపును పోగొట్టుకొన్నవాడాయన. ఈ మంటకు తనదైన రంగు దాదాపు లేదు. అందుచే దానిలో పెట్టిన లవణముల రంగు స్పష్టముగా తెలియును. ఆ వెలుగును పట్టకముతో విడదీసి, ఆయనయు కిర్ఖాఫును 1860, 1861 సంవత్సరములలో సీసియము, రుబీడియము అను లోహములను కనుగొనిరి. ఆ విద్యయే 1868 ఆగస్టు 18వ తేదీని మన గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణమును చూచిన జాన్సెనుకు సూర్యుని అంచున లేచు జ్వాలలు వాయుమయములని తెలిపినది.

దీని గొట్టము అడుగున గాలి రంధ్రము, దానిపై తిరుగు పట్టీ యుండును. రంధ్రమును మూసినచో మంట పసుపు రంగున మసితో మండును. తెఱచినచో నీలివర్ణము, వేడిమి సుమారు 1500 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు పోవును. చిక్కేమనగా, ఎండ పడుచున్న గదిలో ఈ తీవ్రమైన మంటయే కంటికానదు. కనుక వెలిగించునపుడును, పని నడుమ నిలిపినపుడును పసుపు మంటనే యుంచవలెను. ముందు అగ్గిపుల్ల, పిమ్మట గ్యాసు. ఈ వరుస తలక్రిందు కారాదు. పూర్వపు బొగ్గు గ్యాసు గాలికంటె తేలికైనది. నేటి సిలిండరు గ్యాసు బరువైనది, నేలబారున ప్రాకి మూలల నిలుచును. వాసన తగిలినచో గ్యాసు కట్టి, తలుపులు కిటికీలు తెఱచి, పిల్లలను వెలుపలికి పంపవలెను. విద్యుద్దీపపు మీటను ముట్టరాదు.

అమరములో అగ్నికి 'ఆశ్రయాశుడ'ని యొక పేరు: తనకాశ్రయమైనదానినే తినువాడని యర్థము. గ్యాసు తక్కువై గాలి యెక్కువైనపుడు మంట గొట్టములోనికి దిగి, మొదలులోనే చప్పుడుతో మండును. గొట్టము కాగి, రబ్బరు గొట్టము కరగును. అప్పుడు దీపమును తాకక గ్యాసును కట్టి, చల్లారిన పిమ్మట రంధ్రమును మూసి మరల వెలిగించవలెను. ఆ పేరు పెట్టిన వారెవరో కాని నిప్పును బాగుగా ఎఱిగినవారే.

గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టినది మా శ్రీకాకుళపు సీమలోనే. వాడుకభాష విషయమున నేనాయన పక్షము కాను. ఈ ప్రసంగమే సాక్షి. కాని ఆ దినము మొదలు ప్రయోగశాలలో మాత్రము 'ఎనక్కెల్లండ్రా!' అనియే యరచితిని. 'తొలగుడు' అనులోపల జడ కాలిపోవును. జడలు ముడివేయించితిని, ఓణీలు బిగించి కట్టించితిని, నా యుత్తరీయమును గుమ్మము వెలుపల మేకునకు తగిలించితిని. పరీక్షనాళిక మూతి యెవరి ముఖమువైపు నుండరాదు. కాగిన గాజును చల్లని గాజును కన్ను వేఱుచేయజాలదు. ముట్టుకొన్న పిమ్మటనే తెలియును.

కాలినచోట చల్లని కుళాయినీటిని ఇరువది నిమిషములు పోయవలెను. నెయ్యి, పసుపు, పళ్లపొడి, సిరా పూయరాదు. ఆనాడు నా ముంజేతికి సిరా పూసినది మఱెవరో కాదు, నేనే. పిల్లలందఱు చూచుచుండగా సీసా వంపుకొంటిని. వద్దని చెప్పినదియు ఆ బాలికయే.